పర్లాకిమిడి రైలు స్టేషను

శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో గుణుపూర్ వెళ్లే ప్యాసింజరు ఎక్కితే, సామాను సర్దుకుని కూర్చునేలోపే తర్వాతి స్టేషను వచ్చేస్తుంది. ఆ కాసేపట్లోనే రాష్ట్రం మారిపోతుంది. బోర్డు మీద ఒడియా అక్షరాలు కనిపిస్తాయి. దిగేవాళ్ల మాటలు మాత్రం మారవు. కొంత తెలుగు, కొంత ఒడియా, ఒక్కో వాక్యంలో రెండూ. ఆ స్టేషనే పర్లాకిమిడి. ఇవాళ ఒడిశాలో గజపతి జిల్లాకి ముఖ్యపట్టణం. ఊరు చిన్నదే గాని, అక్కడికి రైలు వచ్చి నూట పాతికేళ్లు దాటింది. ఆ రైలు ఎలా వచ్చింది, ఎవరు తెచ్చారు, దాని మీద ఏమేం జరిగాయి అన్నది ఈరోజు మీతో చెప్పుకోవాలని ఉంది.

మన తూర్పుతీరం వెంబడి పెద్ద లైను పడింది 1893 నుంచి 1896 మధ్యలో. బెజవాడ నుంచి కటక్ దాకా, సముద్రానికి కాస్త ఎడంగా, ఊరూరూ కలుపుకుంటూ వెళ్లింది. పర్లాకిమిడి అప్పుడున్న గంజాం జిల్లాకి ఆ లైను చాలా ఆలస్యంగా వచ్చిందనే చెప్పాలి. 1866 కరువులో ఆ తీరమంతా తిండిగింజలు చేరవేసే దారి లేక అల్లాడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత ఇనుపదారి పడింది. పడింది గాని, పర్లాకిమిడికి దూరంగా పోయింది. దగ్గరలో స్టేషనంటే నౌపడ. అక్కడి నుంచి ఊరు చేరాలంటే సుమారు 40 కిలోమీటర్లు, ఎడ్లబండి మీద. వానాకాలంలో ఆ ప్రయాణం ఎలా ఉండేదో వాగులూ వంకలూ తెలిసిన ఉత్తరాంధ్ర శ్రోతలకి నేను చెప్పక్కర్లేదు.

అప్పట్లో పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక పెద్ద జమీందారీకి రాజధాని. వంశధార, మహేంద్రతనయ నీళ్లతో వరి పండే నేల. వెనక కొండలు, కొండల మీద సవరలు. ఊళ్లో కొమ్ముతో దువ్వెనలూ బొమ్మలూ చేసే పనివాళ్లు. రాజావారి హైస్కూలు, 1896లో దానికి తోడుగా కాలేజీ. ఇన్ని ఉన్న ఊరు, రైలు మాత్రం లేని ఊరు. రాజు గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ ఆ లోటు తీర్చాలనుకున్నారు. ప్రభుత్వం వేస్తుందని కూర్చోకుండా సంస్థానం తరఫునే లైను వేయడానికి పూనుకున్నారు. 1898లో పని మొదలైంది. ఏడు లక్షల రూపాయల ఖర్చుతో రెండేళ్లలో పూర్తయింది. 1900 ఏప్రిల్ 1న నౌపడ నుంచి పర్లాకిమిడికి రాకపోకలు మొదలయ్యాయి. కాగితాల మీద దాని పేరు పర్లాకిమిడి లైట్ రైల్వే.

లైట్ రైల్వే అంటే తేలిక రకం రైలు. పెద్ద లైనులో, అంటే బ్రాడ్‌గేజిలో, రెండు పట్టాల మధ్య దూరం అయిదున్నర అడుగులు. ఇక్కడ, అంటే నారోగేజిలో, రెండున్నర అడుగులే. పట్టాలు సన్నవి, కట్ట ఇరుకు, వంతెనలు చిన్నవి, మలుపులు ఎంత వంకరగా ఉన్నా బండి తిరుగుతుంది. అందుకే అంత డబ్బులో, అంత తొందరగా పూర్తయింది. ఇంజన్లు కూడా దానికి తగ్గవే. తర్వాతి కాలంలో ఈ లైనుకి పేరు తెచ్చిన పి.ఎల్. రకం ఇంజన్లు ఇంగ్లండులో కెర్ స్టూవర్ట్ అనే కంపెనీ చేసినవి. బొగ్గు, నీళ్లు మోయడానికి వెనక వేరే పెట్టె అక్కర్లేకుండా అన్నీ ఇంజను మీదే ఉండేవి. ముందుకీ వెనక్కీ ఒకేలా నడిచే ఇంజను ఇలాంటి లైనుకి చాలా వీలు. ఊరు చేరాక దాన్ని తిప్పి నిలబెట్టే పనే ఉండదు.

ఈ లైను గురించి చదివినప్పుడల్లా నాకు గౌరవం కలిగించే విషయం ఒకటుంది. దేశంలో చాలా రైలుమార్గాలు ఎక్కడో లండన్‌లో వాటాలు కొన్నవాళ్ల లాభం కోసం వేసినవి. కొన్ని సైన్యాన్ని సరిహద్దుకి తరలించడానికి వేసినవి. ఇది అలాంటిది కాదు. ఒక ఊరు తన అవసరం కోసం తెచ్చుకున్న దారి. సంస్థానం సొమ్మంటే చివరికి రైతు కట్టిన శిస్తే కదా. రాజుగారిని తలుచుకునేటప్పుడు ఆ రైతుని కూడా తలుచుకోవాలి. మొదటి పదేళ్లూ లైనుకి నష్టాలే వచ్చాయి. 1910 దాటాకే ఏదో కాస్త మిగలడం మొదలైంది. 1924, 25 నాటికి రాబడి బాగా పెరిగింది. నష్టాలున్నాయని ఆ పదేళ్లలో ఎవరూ పట్టాలు పీకెయ్యలేదు. ఆ ఓపిక వల్లే తర్వాతి కథంతా జరిగింది.

ఈ లైనులో అసలు కష్టమంతా నౌపడలో ఉండేది. నౌపడంటే ఉప్పు. సముద్రపు ఒడ్డున ఉప్పు మడులు, తెల్లటి కుప్పలు. తీరం ఉప్పు కొండలకి, కొండల సరుకూ లోపలి ధాన్యమూ తీరానికి వెళ్లడం రైలు కంటే ఎన్నో వందల ఏళ్ల పాత వ్యాపారం. రైలు ఆ దారినే పట్టుకుంది. కాని నౌపడ చేరగానే చిన్న లైను అయిపోతుంది, పెద్ద లైను మొదలవుతుంది. చిన్న వ్యాగను పెద్ద పట్టాల మీదికి ఎక్కదు. అంటే పర్లాకిమిడిలో ఎక్కించిన ప్రతి బస్తానీ నౌపడలో దించాలి, మళ్లీ ఎక్కించాలి.

ఆ పని ఎలా జరుగుతుందో ఒక్కసారి ఊహించండి. కలాసీ చేతిలో చిన్న ఇనుప కొక్కెం. బస్తా చెవిలోకి దాన్ని దూర్చి ఒక్క లాగు లాగి, అవతలివాడు వెనకనుంచి ఎత్తి పట్టుకోగానే నడుం వంచి వీపు మీదికి తీసుకుంటాడు. తలకి చుట్టుకున్న గుడ్డ బరువంతా మెడ మీద పడకుండా చూస్తుంది. రెండు వ్యాగన్ల మధ్య వేసిన బల్ల మీద పరుగులాంటి నడక. గుమస్తా పక్కన నిలబడి లెక్క రాసుకుంటూ ఉంటాడు. చిల్లు పడ్డ బస్తాలోంచి ధాన్యం దారంతా రాలుతుంది, దాన్ని చీపురుతో ఊడ్చి చేటలో చెరుగుకోవడానికి ఆడవాళ్లు కాచుకుని ఉంటారు. పట్టాల మధ్య మూడడుగుల తేడా మూలాన ఒక తరం కాదు, కొన్ని తరాల మనుషులు ఆ బల్ల మీద నడిచారు. పుస్తకాల్లో సరుకు మార్పిడి అని ఒక్క మాటలో రాసేస్తారు. రైల్వే చరిత్రలో ఇంజన్ల నంబర్లు దొరుకుతాయి, ఆ కలాసీల పేర్లు దొరకవు. నన్ను బాధపెట్టే విషయం అదే.

1929 దాకా పర్లాకిమిడే ఆఖరి స్టేషను. ఆ తర్వాత లైను పొడిగించారు. 1929లో కొంత, 1931లో మిగిలింది, మొత్తం మీద గుణుపూర్ దాకా. కాశీనగర్ మీదుగా, వంశధార లోయ పట్టుకుని లోపలికి వెళ్లింది. నౌపడ నుంచి గుణుపూర్‌కి అంతా కలిపి 90 కిలోమీటర్లు. పర్లాకిమిడి అప్పటిదాకా దారి చివర ఉన్న ఊరు, అప్పటి నుంచి దారి మధ్యలో ఊరైంది. స్టేషనుకి అదొక పెద్ద మార్పు. ఒకవైపు నుంచే వచ్చే జనం రెండువైపుల నుంచీ రావడం మొదలైంది. గుణుపూర్ చుట్టూ ఉన్నది సవరల సీమ.

ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు ఎత్తకుండా ముందుకి వెళ్లలేను. వాడుకభాష కోసం ఆయన చేసిన పోరాటం మనందరికీ తెలుసు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన ఆయన 1880లో ఉపాధ్యాయుడిగా పర్లాకిమిడి వచ్చారు. జీవితంలో ఎక్కువ భాగం ఆ ఊళ్లోనే గడిపారు. సంతకి దిగొచ్చే సవరల్ని చూసి, వాళ్ల భాష నేర్చుకోవాలని పూనుకున్నారు. అప్పటికి ఆ కొండలవైపు రైలు లేదు. కాలినడకనా బండ్ల మీదా అడవుల్లో తిరిగారు. మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైను వల్ల ఆయనకి వినికిడి పోయింది. ఒక భాషని వినడానికి వెళ్లిన మనిషి చెవులు పోగొట్టుకుని తిరిగొచ్చారు. అయినా పని మానలేదు. సవర భాషకి ఆయన రాసిన వ్యాకరణం మద్రాసులో అచ్చయిన సంవత్సరం 1931. గుణుపూర్‌కి రైలు చేరిన సంవత్సరం కూడా అదే. ఈ రెండిటికీ సంబంధం ఏమీ లేదు, ఒకదాని కోసం ఒకటి జరగలేదు. కాని పంతులుగారు ప్రాణానికి తెగించి వెళ్లిన సీమకి అదే ఏడు ఎవరైనా టికెట్టు కొనుక్కుని వెళ్లే వీలు కలిగిందంటే, నాకు ఆ రెండు విషయాలూ పక్కపక్కన పెట్టి చెప్పాలనిపిస్తుంది.

అయిదేళ్లు తిరిగేసరికి పెద్ద మార్పు వచ్చింది. ఒడియావాళ్లకి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఉద్యమం చాలా కాలంగా నడుస్తోంది. గౌరచంద్ర గజపతిగారి కుమారుడు కృష్ణచంద్ర గజపతి దానికి ముందు నిలబడ్డారు. లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లి వాదించారు. పర్లాకిమిడి ఎటు పోవాలన్నది పెద్ద గొడవైంది. ఊళ్లో తెలుగువాళ్లు బాగా ఎక్కువ, రాజు ఒడియా. మొదట 1933లో ప్రతిపాదన వచ్చినప్పుడు పర్లాకిమిడి ఒరిస్సాలో లేదు. తర్వాత పార్లమెంటు సంఘం ఆ జమీందారీలో ఒక భాగాన్ని, పట్టణంతో సహా, ఒరిస్సాలో కలపాలని తేల్చింది. గిడుగువారు దీన్ని గట్టిగా ఎదిరించారు. ఫలితం లేకపోయింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. గిడుగువారు పర్లాకిమిడి వదిలేసి రాజమండ్రి చేరుకున్నారు. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది. యాభై ఏళ్లకి పైగా తిరిగిన వీధులు వదిలి వెళ్లడం ఆ వయసులో ఎంత బరువో మనం ఊహించుకోవలసిందే. కృష్ణచంద్ర గజపతి మరుసటి ఏడు ఒరిస్సాకి తొలి ప్రధాని అయ్యారు. ప్రధాని అంటే ఈనాటి లెక్కలో ముఖ్యమంత్రి. ఇద్దరూ తమతమ భాషని ప్రాణంగా చూసుకున్నవాళ్లే. ఒకరిది గెలుపని, ఇంకొకరిది ఓటమని చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు.

రైలు సంగతికి వద్దాం. 1900 ఏప్రిల్ 1న మొదలైన లైను, సరిగ్గా ముప్పై ఆరేళ్ల తర్వాత అదే తేదీన రెండు రాష్ట్రాలకి చెందింది. నౌపడ, టెక్కలి, పెద్దసాన, టెంబూరు, గంగువాడ, పాతపట్నం మద్రాసు వైపు. పర్లాకిమిడి, ఆపైన కాశీనగర్, గుణుపూర్ ఒరిస్సా వైపు. గీత పడింది గాని టైంటేబులు మారలేదు. పాతపట్నంలో అదే బండి, పర్లాకిమిడిలో అదే బండి. పెళ్లిసంబంధాలు ఆగలేదు. పాతపట్నం నీలమణిదుర్గ అమ్మవారికి మొక్కులు తీర్చుకోవడానికి ఒడియా కుటుంబాలు వస్తూనే ఉన్నాయి. పర్లాకిమిడి కాలేజీలో చదువుకోడానికి ఇటువైపు పిల్లలు వెళుతూనే ఉన్నారు. రాజకీయం ఊళ్లని రెండుగా పంచింది. ఆ పంపకం రోజూ నడిచే మనుషుల మీద పడకుండా కాసింది ఈ చిన్న లైను అని నా గట్టి నమ్మకం. రోడ్డు మీద సరిహద్దులో గేటు వేయొచ్చు, బండి ఆపి కాగితాలు అడగొచ్చు. పట్టాల మీద పోయే ప్యాసింజరుని ఎవరాపుతారు?

లైను యాజమాన్యం మాత్రం చేతులు మారుతూ వచ్చింది. సంస్థానం నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేకి, స్వాతంత్ర్యం తర్వాత 1955లో ఆగ్నేయ రైల్వేకి, 2003లో తూర్పుకోస్తా రైల్వేకి. ఈ చివరిది కూడా ఏప్రిల్ 1నే జరగడం చూస్తే, ఈ లైను జాతకంలో ఆ తేదీకి ఏదో స్థానం ఉందనిపిస్తుంది.

నారోగేజి బండిలో ప్రయాణం చేసినవాళ్లు ఇప్పుడీ ప్రసంగం వింటూ ఉంటే వాళ్లకి కొన్ని గుర్తుకొస్తాయి. ఇరుకు పెట్టె, ఎదురెదురు బల్లలు, మోకాళ్లకి మోకాళ్లు తగిలేవి. కాళ్ల కింద కూరల గంపలు. మలుపు తిరిగేటప్పుడు పెట్టె మొత్తం కిర్రుమనేది. చిన్నపిల్లాడు కిటికీలోంచి తొంగిచూస్తే ఎవరో ఒక పెద్దావిడ, ఏ చుట్టరికమూ లేకపోయినా, “ఒరే గుంటడా, తల లోపలెట్టు, కంట్లో నలక పడతాది” అని కసిరేది. పడేది కూడా. బొగ్గు నలక కంట్లో పడితే ఆవిడే కొంగు చివర మెలిపెట్టి, నోటి ఆవిరితో తడిపి తీసేది. అట్ట టికెట్టు చేతిలో తడిసి మెత్తబడిపోయేది. స్టేషనులో ఆగితే ఇంజను నీళ్లు తాగినంతసేపూ జనం దిగి చెట్టు కింద నిలబడేవాళ్లు. బండి కదిలాక కూడా నడిచి ఎక్కేవాళ్లని ఎవరూ వింతగా చూసేవాళ్లు కాదు, దాని వేగం అంతే.

ఆ వేగమే దానికి శత్రువు కూడా అయింది. 1950 నాటికే రోడ్లు, బస్సులు పోటీకి వచ్చాయి. లైను మూసేద్దామన్న మాట ఒక దశలో గట్టిగానే నడిచింది. అయినా అరవై ఏళ్లూ డెబ్బై ఏళ్లూ దాటిన ఇంజన్లతోనే నెట్టుకొచ్చారు. చివర్లో డీజిల్ ఇంజన్లొచ్చాయి. 2002 సెప్టెంబరులో బ్రాడ్‌గేజి పనికి శంకుస్థాపన జరిగింది. 2004 జూన్ 9న నారోగేజి బండి ఆఖరిసారి నడిచింది.

తర్వాత దాదాపు ఏడేళ్లు ఆ మార్గంలో రైలన్నది లేదు. ఈ ఏడేళ్ల మీద ఎవరూ ఎక్కువ మాట్లాడరు. కొత్త కట్ట పోయాలి, వంతెనలన్నీ వెడల్పు చేయాలి, స్టేషన్లు ఎత్తు పెంచాలి, నిజమే. కాని తక్కువ టికెట్టుతో గుణుపూర్ నుంచి టెక్కలి సంతకి వచ్చే మనిషికి ఏడేళ్లంటే చిన్న కాలం కాదు. చింతపండు గంపతో బస్సెక్కితే గంపకి వేరే టికెట్టు. కొండ మీద నుంచి వచ్చే సరుకు దళారీ చేతికి పోవడానికి అదొక్కటి చాలు. అభివృద్ధి పనికి ఆలస్యమైతే ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో లెక్కగట్టాలని నేనంటాను.

2011లో పెద్ద రైలు గుణుపూర్ చేరింది. ఇప్పుడు విశాఖపట్నం నుంచి గుణుపూర్‌కి, పూరీ నుంచి గుణుపూర్‌కి బండి దిగకుండా వెళ్లొచ్చు. నౌపడలో మారక్కర్లేదు. అక్కడ బస్తా దించి బస్తా ఎక్కించే పనీ లేదు. నౌపడ కలాసీల మనవలు ఎక్కడున్నా ఈ ఒక్క విషయానికి సంతోషిస్తారు.

పాత ఇంజన్లలో ఒకటి ఢిల్లీలో జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. పిల్లల్ని తీసుకువెళ్లినవాళ్లు చూసే ఉంటారు. ఇంజనుని కాపాడినందుకు రైల్వేవారికి కృతజ్ఞతలు. అయితే ఇంజను ఒక్కటే లైను కాదు కదా. పాయింట్లు మార్చినవాడు, టోకెను అందించినవాడు, ఎండలో పట్టాల వెంబడి సుత్తి పట్టుకుని నడిచిన గ్యాంగుమన్, బొగ్గు వేసిన ఫైర్‌మన్, వీళ్ల పని ఎలా ఉండేదో చెప్పగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు. నారోగేజి ఆగి ఇరవై ఏళ్లు దాటింది. ఆఖరి రోజుల్లో ఉద్యోగం చేసినవాళ్లు ఇప్పుడు రిటైరై టెక్కలిలోనో పలాసలోనో పర్లాకిమిడిలోనో ఉంటారు.

ఈ లైను ఇంకా పెరగబోతోంది. గుణుపూర్ నుంచి తెరుబలి దాకా, సుమారు 73 కిలోమీటర్ల కొత్త మార్గానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. తెరుబలి విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే లైను మీద ఉంది. అది పూర్తయితే రాయగడ కొండల నుంచి పర్లాకిమిడి మీదుగా నౌపడకి నేరుగా దారి పడుతుంది. ఇటు నౌపడ దగ్గరే, సంతబొమ్మాళి మండలంలో, మూలపేట పోర్టు కడుతున్నారు. కొండ సరుకు సముద్రానికి చేర్చాలని ఒక సంస్థానం తలపెట్టిన పని ఇప్పుడు ఎన్నో రెట్లు పెద్దదవుతోంది. అది సామాను బళ్ల లైనుగానే మిగిలిపోకుండా, గంపతో ఎక్కే మనిషికి ప్యాసింజరు బండి ఉండేలా చూడమని సంబంధించిన వాళ్లందరినీ కోరుతున్నాను.

శ్రోతలకి ఒక విన్నపం. మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని పర్లాకిమిడి లైనులో పనిచేసినవాళ్లు ఉంటే, చేతిలో ఫోను ఎలాగూ ఉంది, వాళ్ల పక్కన కూర్చుని మాట్లాడించి రికార్డు చేయండి. ఏ స్టేషనులో నీళ్లు పట్టేవాళ్లో, ఏ మలుపు దగ్గర బండి మొరాయించేదో, నౌపడ షెడ్డులో బస్తాకి ఎంత కూలి ఇచ్చేవాళ్లో అడగండి. అట్ట టికెట్టు ఏదైనా పాత పుస్తకంలో దొరికితే పారేయకండి. పేర్లు అడిగి రాసుకోండి, ముఖ్యంగా కలాసీల పేర్లు.